గల్లీలో దొరికే అబ్‌స్ట్రాక్ట్ ఫోటో: పేరు మరిచి చూడాలి, పేరు రాసి దాచుకోవాలి

పత్తర్‌గట్టీలో పొద్దున పది కాకముందు చాలా దుకాణాల షట్టర్లు కిందికే ఉంటాయి. ఆ సమయంలో చార్మినార్ చూడ్డానికి వచ్చినవాళ్లు రోడ్డు మధ్యలో నిలబడి, ఫోన్ పైకెత్తి, నాలుగు మినార్లూ ఒకే ఫ్రేములోకి వచ్చేదాకా వెనక్కి వెనక్కి జరుగుతుంటారు. వాళ్ల వీపు వెనకే ఒక షట్టర్ ఉంటుంది. దాని మీద ఎప్పుడో వేసిన ఆకుపచ్చ రంగు, దాని మీద నీలం, ఆ నీలం లేచిపోయిన చోట తుప్పు. గొళ్లెం గాలికి అటూ ఇటూ ఊగి ఊగి రేకు మీద గీసిన అర్ధచంద్రం లాంటి గీత ఒకటి. రోజూ ఆ షట్టర్ ఎత్తే దుకాణదారు కూడా ఆ గీతను చూసి ఉండడు. చూడాల్సిన పని ఆయనకెప్పుడూ పడలేదు.

చార్మినార్ ఫోటోలు కోట్లల్లో ఉంటాయి. ఆ అర్ధచంద్రం ఫోటో మాత్రం ఎవరి దగ్గరా ఉండదు. అబ్‌స్ట్రాక్ట్ ఫోటోగ్రఫీ అనే పెద్ద మాట వెనక ఉన్న సంగతి ఇంతే. దానికి ఖరీదైన కెమెరా అక్కర్లేదు, దూర ప్రయాణం అంతకన్నా అక్కర్లేదు. రోజూ నడిచే గల్లీ, చేతిలో ఉన్న ఫోన్, కాస్త ఆగి చూసే ఓపిక ఉంటే చాలు.

అబ్‌స్ట్రాక్ట్ ఫోటో అంటే ఏమిటి?

మామూలు ఫోటో చూడగానే మనం అడిగే మొదటి ప్రశ్న "ఇది ఏంటి?" అని. ఇది మా ఇల్లు, ఇది మా చెల్లి నిఖా, ఇది గోల్కొండ కోట. జవాబు దొరకగానే కన్ను పక్కకు జరిగిపోతుంది. అబ్‌స్ట్రాక్ట్ ఫోటోలో ఆ జవాబు వెంటనే దొరకదు. వస్తువు పేరు వెనక్కి పోయి గీత, ఆకారం, రంగు, వెలుగు, నీడ, గరుకుదనం ముందుకు వస్తాయి. దాంతో కన్ను కాసేపు అక్కడే తిరుగుతుంది.

చిత్రకారుడు ఖాళీ కాగితం మీద ఏ గీతైనా గీయగలడు. ఫోటో తీసేవాడికి ఆ వెసులుబాటు లేదు. లెన్సు ముందు నిజంగా ఏదో ఒక వస్తువు ఉండాల్సిందే. కాబట్టి ఎంత వింతగా కనిపించినా ప్రతి అబ్‌స్ట్రాక్ట్ ఫోటో ఒక నిజమైన చోటుది, ఒక నిజమైన రోజుది. ఈ మాట గుర్తుంచుకుంటే చివర్లో పనికొస్తుంది.

వస్తువు నుంచి పేరును విడదీసే మార్గాలు కూడా లెక్కపెట్టగలిగేన్నే. దగ్గరగా వెళ్లి, మొత్తం కనిపించకుండా ఒక ముక్కనే తీసుకోవచ్చు. ఎప్పుడూ చూడని కోణం నుంచి, అంటే నేరుగా పై నుంచో నేల మట్టం నుంచో తీయొచ్చు. వస్తువును వదిలేసి దాని నీడనో, నీళ్లలో ప్రతిబింబాన్నో తీయొచ్చు. రంగు తీసేసి నలుపు తెలుపు చేయొచ్చు. లేదా కదిలేదాన్ని కదులుతుండగానే పట్టుకోవచ్చు.

వందేళ్లు దాటిన దారి

ఇది నిన్న మొన్న ఇన్‌స్టాగ్రామ్‌లో పుట్టిన ఫ్యాషన్ కాదు. 1916లో అమెరికాలోని కనెక్టికట్‌లో పాల్ స్ట్రాండ్ అనే ఫోటోగ్రాఫర్ వేసవికి బస చేసిన ఇంట్లోనే వంటింటి గిన్నెలనూ, వరండా కమ్మీల నీడలనూ తీశాడు. ఒక గుండ్రటి బల్లను వాల్చి, దాని మీద పడిన చారల నీడను ఫోటో తీస్తే, అది బల్ల అని పోల్చుకోవడానికి టైమ్ పడుతుంది. ఫోటో అబ్‌స్ట్రాక్ట్‌గా ఉండొచ్చని ప్రపంచం గుర్తించిన తొలి చిత్రాల్లో అవి కూడా ఉన్నాయి. 1920లలో ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ కెమెరాను మబ్బుల వైపు తిప్పాడు. ఆరన్ సిస్కిండ్ అనే మరో అమెరికన్ మొదట న్యూయార్క్ హార్లెమ్ బస్తీల జీవితాన్ని డాక్యుమెంట్ చేసినవాడు. 1940లకు వచ్చేసరికి పెచ్చులూడిన గోడలు, చిరిగిన పోస్టర్లు, లేచిపోయిన పెయింట్ దగ్గర ఆగిపోయాడు. ఆ గోడలే ఆయనకు పేరు తెచ్చాయి.

మన దేశంలో ఈ దారిలో చెప్పుకోవాల్సిన పేరు నస్రీన్ మొహమ్మది. 1937లో కరాచీలో పుట్టి, ముంబైలో పెరిగి, బరోడాలో చిత్రకళ పాఠాలు చెప్పిన ఆమెను సన్నటి గీతల చిత్రాలకు ప్రపంచం గుర్తుపెట్టుకుంది. ఆమె కెమెరాతో కూడా చూసేది. ఫతేపూర్ సిక్రీ రాతి నేల, మగ్గం మీద పరిచిన దారాలు, సముద్రపు ఒడ్డు, రోడ్డు మీద గీతలు. మనిషి లేని, కథ లేని, గీతలు మాత్రమే మిగిలిన నలుపు తెలుపు ఫోటోలవి. 1990లో ఆమె చనిపోయేదాకా వాటిని ఎక్కడా ప్రదర్శించలేదు. తన కన్నుకు సాధన కోసం తీసుకున్న ఆ ఫోటోలు ఇప్పుడు పెద్ద పెద్ద మ్యూజియంల గోడల మీద ఉన్నాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దీని నుంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది. లైకుల కోసం కాకుండా కన్నుకు అలవాటు కావడం కోసం తీసినా ఆ పని వృథా పోదు.

ఈ ఊరికి ఇది కొత్తేం కాదు

"అబ్‌స్ట్రాక్ట్ అంటే అర్థం కానిది, మనకెందుకు?" అని చాలామంది అనుకుంటారు. కానీ మస్జిద్ జాలీలను, దర్గా తలుపుల చెక్కడాలను చూస్తూ పెరిగినవాళ్లకు అబ్‌స్ట్రాక్ట్ కళ చిన్నప్పటి నుంచీ పరిచయమే. దాన్ని ఆ పేరుతో పిలవలేదు, అంతే.

ఇస్లామీ కట్టడాల్లో మనిషి బొమ్మలు, జంతువుల బొమ్మలు లేని చోట ఆ జాగాను జ్యామితి, లతలు, ఖత్తాతీ నింపాయి. పనివాడు వృత్తలేఖినితో ఒక వృత్తం గీసేవాడు. దాన్ని ఆరుగానో, ఎనిమిదిగానో పంచేవాడు. ఆ బిందువులను కలిపితే నక్షత్రం వచ్చేది. నక్షత్రం పక్కన నక్షత్రం పెట్టుకుంటూ పోతే గోడంతా నిండేది. ఈ అల్లికకు చివర అంటూ లేదు. గోడ అయిపోయింది కాబట్టి ఆగింది గానీ, మనసులో అది సాగుతూనే ఉంటుంది. మంచి అబ్‌స్ట్రాక్ట్ ఫోటో కూడా అలాగే ఉంటుంది. ఫ్రేము అంచు దాకా వచ్చి, అవతల ఇంకా ఉందని చెబుతుంది.

దీన్ని కళ్లతో చూసి నేర్చుకోవాలంటే హైదరాబాద్‌లో పైగా సమాధులకు మించిన బడి లేదు. సంతోష్‌నగర్ వైపు పిసల్‌బండ దగ్గర ఉన్న ఈ సమాధుల్లో సున్నపు గచ్చుతో చేసిన జాలీలు ఒకదాని పక్కన ఒకటి వేర్వేరు అల్లికలతో కనిపిస్తాయి. జాలీ ఫోటో అందరూ తీస్తారు. జాలీలోంచి ఎండ వచ్చి నేల మీద పడిన నీడను తీసేవాళ్లు తక్కువ. పొద్దున, సాయంత్రం సూర్యుడు వాలి ఉన్నప్పుడు ఆ నీడ సాగి, షట్కోణం కాస్తా ఆకులా మారుతుంది. పనివాడు గీసిన ఆకారాన్ని ఎండ మళ్లీ గీస్తుంది.

మదీనా బిల్డింగ్‌కు దగ్గర్లోని బాద్‌షాహీ ఆషూర్‌ఖానాది మరో రకం పాఠం. ముహమ్మద్ కులీ కుతుబ్‌షా కాలంలో కట్టిన ఆ గోడల మీద పసుపు, నీలం, ఆకుపచ్చ మెరుగు పలకల పనితనం నాలుగు వందల ఏళ్లుగా నిలిచి ఉంది. 1908 మూసీ వరదలో నీళ్లు చేరిన కింది భాగం దెబ్బతింది. అసలు పలకల మెరుపు ఒకలా, తర్వాతి మరమ్మతు మరోలా ఉంటాయి. ఆ రెండూ కలిసే అంచు దగ్గర ఒక్క జానెడు చోటు చాలు, అందులో ఒక వరద చరిత్ర కనిపిస్తుంది.

ఎక్కడ వెతకాలి?

మొదట ఇంట్లోనే. మిద్దె మీద ఆరేసిన దుపట్టాలు గాలికి ఊగుతుంటే వాటి నీడలు సున్నం వేసిన పిట్టగోడ మీద పరుగెడతాయి. ఇరానీ ఛాయ్ తాగి పెట్టిన సాసర్‌లో కప్పు అడుగు వదిలిన గోధుమరంగు ఉంగరం, రోటీలు కాల్చి కాల్చి నల్లబడిన పెనం, బియ్యం కడిగిన తెల్లటి నీళ్లలో వేళ్లు తిప్పితే పుట్టే సుడి, తాండూరు బండల మధ్య అతుకు గీతలు, వానకు తడిసిన నాపరాయి. పేరు తీసేస్తే ఇవన్నీ ఆకారాలే.

ఆ తర్వాత గల్లీ. లాడ్‌బజార్‌లో లక్క గాజులు ఒక కడ్డీకి వరుసగా ఎక్కించి ఉంటాయి. దూరం నుంచి అది గాజుల దుకాణం. ఫోన్‌ను జానెడు దూరానికి తీసుకెళ్తే రంగు చారల మీద అద్దపు చుక్కలు. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు జీఐ గుర్తింపు వచ్చింది. ఆ గాజుల కొలిమి దగ్గర వేడికి మెత్తబడిన లక్క సాగుతున్నప్పుడు కనిపించే మెరుపు గీత, తయారైన గాజులో ఉండదు. వర్ఖ్ కొట్టే చోట పల్చటి వెండి రేకు ఊపిరి తగిలినా ముడుచుకుంటుంది. ఆ ముడతల్లో వెలుగు విరిగి కొండలూ లోయలూ అవుతుంది. కట్టెల దుకాణంలో పేర్చిన మొద్దుల గుండ్రటి చివరలు, సైకిల్ రిపేరు షాపులో వేలాడే ట్యూబులు, ఆటో వెనక రేకు మీద గీతలు, పీకేసిన పోస్టర్ కింద మిగిలిన పాత పోస్టర్ ముక్క, దాంట్లో సగం ఉర్దూ అక్షరం, సగం తెలుగు అక్షరం.

ఊరు దాటితే రాళ్లున్నాయి. హైదరాబాద్ చుట్టూ ఉన్న గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. మౌలాలి గుట్ట దగ్గరైనా, గోల్కొండ చుట్టుపక్కలైనా ఎండకు, వానకు పొరలు పొరలుగా ఊడిన బండ మీద గులాబీ, బూడిద రంగులు, వాన నీరు కారిన నల్లటి చారలు, నాచు మచ్చలు ఉంటాయి. అవి ఏ చిత్రకారుడూ వేయనివి. మక్కా మస్జిద్ గోడలదీ గ్రానైటే. 1617లో మొదలై 1694లో పూర్తయిన ఆ కట్టడంలో రాతి వరుసల అతుకులను ఎండ ఏటవాలుగా తగిలినప్పుడు చూడాలి.

కర్నూలు, కడప, గుంటూరు, మచిలీపట్నం, ఎక్కడున్నా ఈ జాబితాలో పేర్లు మారతాయి గానీ పద్ధతి మారదు. నూలు ఆరబెట్టే వీధి, చేపల వల, కొట్టులో మిరపకాయల గుట్ట, ఏ ఊరి సంగతి ఆ ఊరిదే.

ఫోన్‌తో ఎలా తీయాలి?

మొదట లెన్స్ తుడవాలి. జేబులో తిరిగే ఫోన్ లెన్స్ మీద వేలిముద్ర ఉంటే గోడ గరుకుదనం మసకబారుతుంది. తర్వాత మామూలు లెన్సే వాడాలి. వైడ్ లెన్స్ అంచుల దగ్గర తిన్నటి గీతలను వంచేస్తుంది. వేళ్లతో జూమ్ చేస్తే ఫోటో పలచబడుతుంది, అందుకే కాళ్లతో దగ్గరకు వెళ్లడం మేలు. మరీ దగ్గరకు వెళ్లి మసకబారితే అరడుగు వెనక్కి వచ్చి తీసి, తర్వాత కత్తిరించుకోవచ్చు.

ఫ్లాష్ ఆపేయాలి. ఎదురుగా పడే వెలుగు గోడ మీది ఎత్తుపల్లాలను చదును చేసేస్తుంది. గరుకుదనం కనిపించాలంటే వెలుగు పక్క నుంచి రావాలి. ఇరుకు గల్లీల్లో ఎండ గోడను పక్క నుంచి రాసుకుంటూ పోయే సమయం రోజుకు కొద్ది నిమిషాలే ఉంటుంది. ఏ గోడకు ఏ వేళ ఎండ వస్తుందో అక్కడ ఉండేవాళ్లకే తెలుస్తుంది. బయటి నుంచి గంటసేపు వచ్చి పోయే ఫోటోగ్రాఫర్‌కు లేని సౌకర్యం ఇది. మబ్బు పట్టిన రోజు నీడలు ఉండవు, కానీ రంగులు నిండుగా, సమంగా వస్తాయి. వాన వెలిసిన తర్వాత రోడ్డు గుంటల్లో మినార్ తలకిందులుగా కనిపిస్తుంది. 

నీడలు తీసేటప్పుడు ఫోన్ తనంతట తాను నీడను తేలిక చేసేస్తుంది. స్క్రీన్ మీద వేలు కాసేపు నొక్కి పట్టి, ఫోకస్ నిలిచాక వేలిని కిందికి జరిపితే వెలుగు తగ్గుతుంది. అప్పుడు నీడ నల్లగా, పదునుగా నిలబడుతుంది. కెమెరా సెట్టింగుల్లో గ్రిడ్ గీతలు పెట్టుకుంటే ఫ్రేము వంకరపోదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఏం వదిలేయాలన్నది. ఫ్రేము నాలుగు మూలలూ ఒకసారి చూసుకోవాలి. ఒక మూలలో కరెంటు మీటరో, చెప్పుల జతో వచ్చిందంటే కన్ను నేరుగా దాని దగ్గరకే పోతుంది, పేరు మళ్లీ తిరిగొస్తుంది. రంగు వల్ల ఫోటో బాగుందా, ఆకారం వల్ల బాగుందా అని అనుమానం వస్తే నలుపు తెలుపు చేసి చూడాలి. అప్పుడూ నిలబడితే ఆకారం గట్టిదన్నమాట.

సాధనకు ఒక తేలిక మార్గముంది. ఒకే గోడను ఎంచుకుని వారం రోజులు, రోజుకు ఐదు ఫోటోల చొప్పున తీయాలి. మొదటి రెండు రోజులు అందరికీ కనిపించేదే కనిపిస్తుంది. మూడో రోజు విసుగు వస్తుంది. ఆ విసుగు దాటాకే గోడ కనిపించడం మొదలవుతుంది.

అదబ్ కూడా ఉండాలి

పాతబస్తీ అనగానే బయటి కెమెరాలకు తెలిసినవి మూడే. చార్మినార్, బిర్యానీ, బుర్ఖాలో నడిచి వెళ్లే ఆడవాళ్లు. అడగకుండా ముఖం మీద కెమెరా పెట్టే వాళ్లంటే ఇక్కడివాళ్లకు చిరాకు, ఆ చిరాకు న్యాయమైనదే. తమ ఫోటో ఎవరి చేతిలో పడాలన్నది తామే తేల్చుకోవాలనే మాట ఈ ఊరికి కొత్త కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా నుంచి ముసవ్విర్ జంగ్ బిరుదు పొందిన రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో పర్దా పాటించే ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు. అక్కడ ఫోటో తీసేది కూడా ఒక మహిళే, ఇంగ్లండ్ నుంచి వచ్చినావిడ.

అబ్‌స్ట్రాక్ట్ ఫోటోలో ఈ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది. ఎవరి ముఖమూ అక్కర్లేదు. కానీ గోడకు కూడా ఇంటివాళ్లు ఉంటారు. కిటికీ జాలీ తీస్తుంటే లోపలున్నవాళ్లకు అది తమ ఇంట్లోకి తొంగి చూడ్డమే. "సలాం భాయ్, మీ తలుపు మీద రంగు బాగుంది, ఫోటో తీసుకోవచ్చా?" అని అడిగితే కాదనేవాళ్లు తక్కువ. తీసింది చూపిస్తే ఇంకా సంతోషిస్తారు. మస్జిద్‌లో నమాజ్ వేళ ఫోన్ జేబులోనే ఉండాలి. గోడ మీద ఖురాన్ ఆయత్ ఉంటే దాన్ని మధ్యలో తెగేలా కత్తిరించి అలంకారం కింద వాడటం చాలామందికి నచ్చదు. ఏఎస్‌ఐ కట్టడాల్లో ట్రైపాడ్‌కు ముందే అనుమతి తీసుకోవాలి.

కూలుతున్న గోడ ముందు

ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా దాదాపు 7.5 కిలోమీటర్ల మెట్రో మార్గానికి 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. దాని కోసం రోడ్డు వెడల్పు చేయడానికి 2025లో ఇళ్లు, దుకాణాలు తొలగించడం మొదలైంది. మెట్రో కావాలని ఏళ్ల తరబడి అడిగిన బస్తీ ఇదే. జాగా పోతోందని బాధపడుతున్నదీ ఇదే.

సగం కూల్చిన ఇంటి ముందు నిలబడితే ఎవరికైనా కనిపించేది ఒకటుంది. ముందు గోడ పోయాక లోపలి గదుల గోడలు వీధికి బయటపడతాయి. కింద ఆకుపచ్చ చదరం, పైన గులాబీ చదరం, పక్కన నీలం. మధ్యలో దీపం పెట్టుకునే గూడు, మెట్లు ఉన్నచోట ఏటవాలు గీత, క్యాలెండర్ వేలాడిన చోట రంగు మాయని తెల్లటి దీర్ఘచతురస్రం. అబ్‌స్ట్రాక్ట్ ఫోటోకు ఇంతకన్నా సిద్ధంగా ఉన్న గోడ దొరకదు. అలా తీసిన ఫోటో చాలా అందంగా కూడా వస్తుంది.

ఇబ్బంది అక్కడే ఉంది. ఆ తెల్లటి దీర్ఘచతురస్రం ఒక కుటుంబం ఏళ్ల తరబడి తారీఖులు చూసుకున్న చోటు. పేరు తీసేసి ఆకారం మాత్రమే మిగిల్చితే, ఆ ఇంటిని రెండోసారి తుడిచేసినట్టవుతుంది. అలాగని ఫోటో తీయకుండా వదిలేస్తే, వారం తర్వాత ఆ గోడే ఉండదు.

అందుకని ఈ పనిలో రెండు భాగాలు ఉన్నాయనుకోవాలి. తీసేటప్పుడు పేరు మరిచిపోవాలి, అప్పుడే గీతలు, రంగులు కనిపిస్తాయి. దాచుకునేటప్పుడు పేరు రాసిపెట్టాలి. ఏ గల్లీ, ఏ మొహల్లా, ఏ తారీఖు, పొద్దునా సాయంత్రమా, అది తలుపా, గోడా, షట్టరా. ఫోన్ గ్యాలరీలో ఫోటో వివరాల దగ్గర రెండు మాటలు టైప్ చేయడానికి అర నిమిషం పడుతుంది. ఇంటివాళ్లు ఒప్పుకుంటే ఒక కాపీ వాళ్లకు పంపాలి. పదేళ్ల తర్వాత చూసినవాళ్లకు అది అందమైన ఆకారం. ఆ ఇంట్లో పెరిగిన పిల్లలకు మాత్రం అమ్మ గదికి వేసిన రంగు.

పత్తర్‌గట్టీ షట్టర్ దగ్గరకు తిరిగి వస్తే, పదింటికి దుకాణదారు వచ్చి తాళం తీస్తాడు. షట్టర్ పైకి లేచి చుట్టుకుంటుంది, అర్ధచంద్రం లోపలికి వెళ్లిపోతుంది. మళ్లీ రాత్రికే కిందికి వస్తుంది. వచ్చే ఏడాది ఆయన కొత్త పెయింట్ వేయిస్తే అదీ ఉండదు. ఆ గీతను చూడాలనుకునేవాళ్లు రేపు పొద్దున తొమ్మిదికల్లా అక్కడ ఉండాలి.